రిటర్న్ మర్చిపోయిన తెల్లవారుజాము: వర్డ్‌ప్రెస్ ఫిల్టర్ హుక్స్

ఈరోజు ఎపిసోడ్‌లో వర్డ్‌ప్రెస్ ఫిల్టర్ హుక్స్ గురించి మాట్లాడుకుందాం. నెట్‌లో ఎక్కడో దొరికిన నాలుగు లైన్ల కోడ్ తెచ్చి, ఫంక్షన్స్ ఫైల్ చివర్లో పేస్ట్ చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని సేవ్ కొట్టేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. బీటెక్ అయ్యాక రెండేళ్ళు నేను చేసింది కూడా అదే. ఒకరోజు గట్టి దెబ్బ తగిలాక కూర్చుని నేర్చుకున్నా. ముందు ఆ దెబ్బ సంగతి చెప్తా. ఫిల్టర్ అంటే ఏంటో సగం అందులోనే తెలిసిపోతుంది.

వీడియోలో కోడ్ స్క్రీన్ మీద కనపడుతుంది. ఇక్కడ మాత్రం నేను చదివి చెప్పినట్టే రాశాం. పేర్ల మధ్య ఖాళీ వచ్చిన చోట అండర్‌స్కోర్ ఉందనుకోండి.

మాది గూడూరు. మా ఊరి పేరు చెప్తే ఒకప్పుడు మైకా అనేవాళ్ళు, ఇప్పుడు నిమ్మకాయలు అంటారు. ఇక్కడి మార్కెట్ నుంచి నిమ్మకాయలు లారీల్లో ఢిల్లీ దాకా పోతాయి. తెలిసిన అన్న ఒకరు ఆ మార్కెట్ రేట్లు పెట్టే చిన్న వర్డ్‌ప్రెస్ సైట్ నడుపుతుంటే, దాని కోడ్ పని నేను చూసేవాణ్ణి. సైట్‌లో రెండు భాగాలు. 'ఈరోజు రేట్లు' అని ఒకే ఒక్క పేజీ, దాన్ని రోజూ పొద్దున్నే మారుస్తారు. రెండోది వార్తలు, రోజుకో పోస్ట్. రైతులకి కావాల్సింది మొదటిదే. కాయలు కోయించాలా, రెండు రోజులు ఆగాలా అనేది ఫోన్‌లో ఆ పేజీ చూసి తేల్చుకునేవాళ్ళు ఉన్నారు.

ఒకరోజు రాత్రి అన్న ఫోన్ చేసి, ప్రతి వార్త కింద 'వాట్సాప్‌లో పంపండి' అని ఒక లైన్ రావాలన్నాడు. నాకు పదినిమిషాల పని. ఫంక్షన్ రాశా. లోపల ఒక ఇఫ్ పెట్టా: ఇది పోస్ట్ అయితే, కంటెంట్‌కి ఈ లైన్ కలిపి రిటర్న్ చెయ్యి. ఒక వార్త తెరిచి చూశా, లైన్ చక్కగా వచ్చింది. ఇంకో వార్త తెరిచా, అక్కడా వచ్చింది. పడుకున్నా.

తెల్లవారి 5:30కి ఫోన్. "ఏందబ్బయా, రేట్లు ఏం కనపడటం లేదే? పైన హెడ్డింగ్ ఉండాది, కింద అంతా తెల్లగా ఉండాది."

నిజంగానే తెల్లగా ఉంది. హెడర్ ఉంది, మెనూ ఉంది, ఫుటర్ ఉంది, మధ్యలో రేట్లు మాత్రం లేవు. అన్న అప్పటికే రెండుసార్లు మళ్ళీ టైప్ చేసి పబ్లిష్ కొట్టాడంట. ఎర్రర్ మెసేజ్ లేదు. డాష్‌బోర్డ్‌లో చూస్తే రేట్లన్నీ భద్రంగా ఉన్నాయి. ఎడిటర్‌లో ఉన్నాయి, సైట్‌లో లేవు. మంచం మీదనుంచి లేవకుండా నా కోడ్ తీసేశా, అంతా తిరిగొచ్చింది. ఎందుకు పోయిందో మాత్రం మధ్యాహ్నానికి గానీ అర్థం కాలేదు. అప్పటికి బయట ఎంతమంది తెల్ల పేజీ చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నారో!

ఇప్పుడు అసలు విషయంలోకి వద్దాం. మార్కెట్ యార్డులో ఒక వరుస ఊహించుకోండి. ఆటోలోంచి దించిన కాయలు ఒక బుట్టలో పోశారు. మొదటామె మచ్చ కాయలు ఏరి బుట్ట పక్కామెకి ఇస్తుంది. ఆమె పచ్చి కాయ, పండు కాయ వేరు చేసి తర్వాతి మనిషికి ఇస్తుంది. అతను చిన్నవి తీసేసి ముందుకు ఇస్తాడు. చివర్లో ఉన్నవాడు తన చేతికి ఏం వచ్చిందో అదే లారీలోకి ఎక్కిస్తాడు. మధ్యలో ఏం జరిగిందో అతనికి పట్టదు.

వర్డ్‌ప్రెస్ ఒక పోస్ట్‌ని చూపించే ముందు సరిగ్గా ఇదే చేస్తుంది. డేటాబేస్‌లోంచి కంటెంట్ తీస్తుంది. తీసి నేరుగా స్క్రీన్ మీద పడెయ్యదు. 'అప్లై ఫిల్టర్స్' అనే ఫంక్షన్‌ని పిలుస్తుంది. దానికి రెండు చెప్తుంది: ఈ వరుస పేరు 'ద కంటెంట్', ఇదిగో బుట్ట. ఆ వరుసలో నిలబడాలనుకున్నవాళ్ళు ముందే 'యాడ్ ఫిల్టర్' అని పేరు రాయించుకుని ఉంటారు. ఒక్కొక్కరి చేతిలోకీ బుట్ట వస్తుంది. వాళ్ళు ఏం రిటర్న్ చేస్తే అది తర్వాతివాళ్ళకి పోతుంది. చివరివాళ్ళు రిటర్న్ చేసింది స్క్రీన్ మీదకి వస్తుంది.

మరి నా ఫంక్షన్ ఏం చేసింది? పోస్ట్ అయితే లైన్ కలిపి బుట్ట ఇచ్చేసింది. పోస్ట్ కాకపోతే? ఏమీ చెప్పలేదు నేను. నా మనసులో 'పోస్ట్ కాకపోతే నాకు సంబంధం లేదు, నా కోడ్ దాన్ని ముట్టుకోదు' అని ఉంది. కానీ బుట్ట అప్పటికే నా చేతిలో ఉంది కదా! పీహెచ్‌పీలో ఒక ఫంక్షన్ ఏమీ రిటర్న్ చెయ్యకపోతే దాని జవాబు నల్, అంటే శూన్యం. నేను తర్వాతివాళ్ళకి అందించింది అదే. రేట్ల పేజీ 'పోస్ట్' కాదు, 'పేజీ'. నేను రాసిన 'ఈజ్ సింగిల్' కండిషన్ పోస్ట్‌లకి అవునంటుంది, పేజీలకి కాదంటుంది. అందుకే వార్తలన్నీ బాగున్నాయి, రేట్లు ఎగిరిపోయాయి. నేను టెస్ట్ చేసింది వార్తలే, అందుకే రాత్రి నాకు దొరకలేదు.

కాబట్టి ఫిల్టర్ ఫంక్షన్‌లో చివరి లైన్, ఏ ఇఫ్‌లోనూ ఇరుక్కోకుండా, 'రిటర్న్ కంటెంట్' అయ్యుండాలి. నేనిప్పుడు ఫంక్షన్ మొదలుపెట్టగానే ముందు ఆ చివరి లైన్ రాసేస్తా. తర్వాతే మధ్యలో పని.

ఇక్కడ ఇంకో సంగతి. 2017లో వచ్చిన 4.9 వెర్షన్ నుంచి, డాష్‌బోర్డ్‌లోని ఫైల్ ఎడిటర్‌లో కోడ్ తప్పుగా రాసి సైట్ పడిపోయేలా చేస్తే, వర్డ్‌ప్రెస్ పట్టుకుని ఆ మార్పు వెనక్కి తీసేస్తుంది. 2019లో 5.2 వచ్చాక రికవరీ మోడ్ కూడా ఉంది. వీటిని నమ్ముకుని ఫోన్‌లోనే కోడ్ మార్చేవాళ్ళు నాకు తెలుసు. కానీ అవి పట్టుకునేది ఫేటల్ ఎర్రర్‌ని. రిటర్న్ మర్చిపోవడం ఫేటల్ ఎర్రర్ కాదు. పీహెచ్‌పీ దృష్టిలో అది పూర్తిగా సరైన ప్రోగ్రామ్. కొత్త పీహెచ్‌పీలో అయితే నల్ ఇచ్చారని లాగ్‌లో గొణుగుతుంది, అంతే. సైట్ మాత్రం నవ్వుతూ ఖాళీ పేజీ చూపిస్తుంది.

రెండో తప్పు, దీని తమ్ముడు: రిటర్న్ బదులు ఎకో. ఫిల్టర్ లోపల ఎకో చేస్తే ఆ మాట అక్కడికక్కడే బయటపడుతుంది, బుట్టలోకి పోదు. మీరు కింద రావాలనుకున్న లైన్ వ్యాసానికి పైన వచ్చి కూర్చుంటుంది. ఎవరి సైట్‌లోనైనా అలా పైన వేలాడుతున్న లైన్ కనపడితే మొదట ఇదే చూడండి.

యాక్షన్ హుక్స్‌కీ వీటికీ తేడా ఏంటని అడుగుతారు కదా. గూడూరు జంక్షన్‌లో నిలబడండి. తిరుపతి వైపు బండి ఏ ప్లాట్‌ఫామ్ మీదకి వస్తుందో అనౌన్స్‌మెంట్ వచ్చింది. టీ అమ్మే అతను కేన్ ఎత్తుకున్నాడు, జనం బ్యాగులు సర్దుకున్నారు, ఎవరి పని వాళ్ళు చేశారు. అనౌన్స్ చేసినామెకి ఎవరూ ఏదీ తిరిగి ఇవ్వక్కర్లేదు. అది యాక్షన్. పోస్ట్ పబ్లిష్ అయింది, మెయిల్ పంపించు, అలాంటివి. ఫిల్టర్‌లో మాత్రం చేతిలోకి ఒక వస్తువు వస్తుంది, అది తిరిగి ఇచ్చేయాలి. తమాషా ఏంటంటే వర్డ్‌ప్రెస్ లోపల చూస్తే 'యాడ్ యాక్షన్' అనేది 'యాడ్ ఫిల్టర్'నే పిలుస్తుంది. యంత్రం ఒకటే, రిటర్న్ చేసింది వాడుకోవడమా పారేయడమా అన్నదే తేడా.

ఇదంతా ఎందుకు పెట్టారు? వర్డ్‌ప్రెస్ 2003లో మొదలైంది. బీ2 అనే పాత బ్లాగ్ సాఫ్ట్‌వేర్ కోడ్ తీసుకుని మ్యాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఏదైనా కొత్తగా కావాలంటే అసలు ఫైల్ తెరిచి, ఫలానా లైన్ దగ్గర ఇది కలుపు అని చేసుకునేవాళ్ళు. కొత్త వెర్షన్ వస్తే ఆ మార్పులన్నీ పోయేవి. 2004 మేలో వచ్చిన 1.2తో ప్లగిన్లు, హుక్స్ వచ్చాయి. అసలు ఫైల్ ముట్టుకోకుండా పక్క ఫైల్ నుంచి పని చేయించుకోవడం అప్పుడు కుదిరింది. ఇప్పుడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ మీదే ఉన్నాయి. అయినా 2004 ముందు పద్ధతిలోనే ప్లగిన్ ఫైల్ తెరిచి గెలికేవాళ్ళు ఇంకా ఉన్నారు. అప్‌డేట్ నొక్కగానే మార్పు మాయమవుతుంది, అప్పుడు ఫోన్ వస్తుంది, 'బ్రో, నిన్నటిదాకా పనిచేసింది' అని.

సరే, పనికొచ్చే ఉదాహరణలు చూద్దాం. మొదటిది చాలా చిన్నది, తెలుగు సైట్ ఉన్నవాళ్ళందరికీ కావాల్సింది. హోమ్ పేజీలో ప్రతి వార్త కింద కొంచెం సారాంశం వస్తుంది కదా, దాన్ని ఎక్సర్ప్ట్ అంటారు. వర్డ్‌ప్రెస్ మామూలుగా 55 మాటలు తీసుకుంటుంది. మాట అంటే ఖాళీకీ ఖాళీకీ మధ్య ఉన్నది. ఇంగ్లిష్‌లో 55 మాటలు ఫోన్‌లో కొన్ని లైన్లే. మన భాషలో 'తీసుకువెళ్ళాల్సివచ్చిందని' అనేది కూడా ఒక మాటే! 55 తెలుగు మాటలంటే ఫోన్ స్క్రీన్ సగం నిండుతుంది, రెండు వార్తలకే వేలు నొప్పి పుడుతుంది. దీనికి 'ఎక్సర్ప్ట్ లెంగ్త్' అనే ఫిల్టర్ ఉంది. ఆ బుట్టలో వచ్చేది ఒక సంఖ్య, 55. మీరు 22 అని రిటర్న్ చేయండి. అంతే, అయిపోయింది. ఫిల్టర్‌లోకి వచ్చేది ఎప్పుడూ వ్యాసమే అనుకోకండి. సంఖ్య రావచ్చు, లిస్ట్ రావచ్చు, అవును కాదు అనే జవాబు రావచ్చు. ఏ రకం వచ్చిందో ఆ రకమే తిరిగి ఇవ్వాలి. సంఖ్య తీసుకుని వాక్యం ఇస్తే అవతలివాడు ఏం చేసుకుంటాడు?

రెండోది మా ఊరి సొంత సమస్య. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. నెల్లూరు జిల్లాలో ఉన్న గూడూరు ఆరోజు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. సైట్‌లో అప్పటికే వందల పోస్ట్‌లు, ప్రతిదాని చివరా 'గూడూరు, నెల్లూరు జిల్లా' అని అడ్రస్. మాకు అడ్రస్‌లో జిల్లా తప్పకుండా ఉండాలి, ఎందుకంటే కర్నూలు జిల్లాలో ఒక గూడూరు, కృష్ణా జిల్లాలో ఒకటి, తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలో ఇంకోటి ఉన్నాయి.

డేటాబేస్‌లోకి వెళ్ళి ఒక్క కమాండ్‌తో అన్నీ మార్చేయొచ్చు. నేను ఆ పని చెయ్యలేదు. ఒకసారి మార్చేస్తే పాతది ఏదో కొత్తది ఏదో విడదీయలేం. ఫిల్టర్ అయితే డేటాబేస్‌లోది అలాగే ఉంటుంది, చూపించేటప్పుడే మారుతుంది. వద్దనుకుంటే ఒక లైన్ తీసేస్తే చాలు. జిల్లాల గీతలు మన చేతిలో లేవు కదా, మళ్ళీ మారితే?

కోడ్ ఎలా ఉంటుందంటే, 'ద కంటెంట్' వరుసలో మన ఫంక్షన్‌ని నిలబెడతాం. బుట్టలో కంటెంట్ వస్తుంది. పీహెచ్‌పీలోని 'స్ట్రింగ్ రీప్లేస్'కి మూడు ఇస్తాం: ఏది వెతకాలి, ఏది పెట్టాలి, ఎందులో. వచ్చిన జవాబుని రిటర్న్ చేస్తాం. మొత్తం మూడు లైన్లు.

ఇందులో తెలివి అంతా ఏది వెతకాలి అన్న దగ్గరే. మొదటిసారి నేను 'నెల్లూరు జిల్లా' అని పెట్టా. సాయంత్రానికి చూస్తే పొదలకూరు నిమ్మ మార్కెట్ వార్త తిరుపతి జిల్లా అని చూపిస్తోంది. పొదలకూరు నెల్లూరు జిల్లాలోనే ఉంది! అంతకంటే ఘోరం, 2019 నాటి ఒక వార్తలో 'నెల్లూరు జిల్లా కలెక్టర్' కాస్తా 'తిరుపతి జిల్లా కలెక్టర్' అయ్యాడు. అప్పటికి ఆ జిల్లానే లేదు. ఒక మూడు లైన్ల కోడ్ చరిత్రనే మార్చేసింది. అందుకని 'గూడూరు, నెల్లూరు జిల్లా' అని కామాతో సహా, అడ్రస్‌లో ఎలా ఉందో అలాగే మొత్తం వాక్యం వెతికేలా మార్చా. వార్త లోపల రాసింది రాసినట్టే ఉంది, అడ్రస్ ఒక్కటే మారింది.

ఈ తప్పు మనకే కాదు, వర్డ్‌ప్రెస్‌కే జరిగింది. 2010లో వచ్చిన 3.0 వెర్షన్‌లో 'క్యాపిటల్ పీ డ్యాంగిట్' అనే ఫిల్టర్ పెట్టారు. ఇంగ్లిష్‌లో వర్డ్‌ప్రెస్ అని రాసేటప్పుడు మధ్యలో 'పీ' అనే అక్షరం పెద్దదిగా ఉండాలి, అది వాళ్ళ బ్రాండ్ పేరు. చాలామంది చిన్నదిగా రాస్తారు. అడగకుండానే సరిచేసే ఫంక్షన్ ఇది. కానీ లింకుల్లోనూ, బొమ్మల ఫైల్ పేర్లలోనూ ఆ మాట ఉంటే అక్కడ కూడా అక్షరం మారిపోయి ఆ లింకులు పనిచేయకుండా పోయాయి. పెద్ద గొడవైంది, తర్వాత జాగ్రత్తలు పెట్టారు. ఆ ఫిల్టర్ ఇప్పటికీ మీ సైట్‌లో ఉంది. కంటెంట్‌లో ఏం వెతుకుతున్నామో ఆ మాట లింకులో కూడా ఉండొచ్చు అనేది మర్చిపోకండి.

ఇంకో చిన్న జాగ్రత్త. 'ద కంటెంట్' వరుస పోస్ట్ తెరిచినప్పుడే నడుస్తుందనుకుంటారు. సారాంశం తయారు చేసేటప్పుడు కూడా వర్డ్‌ప్రెస్ ఆ వరుసనే నడుపుతుంది. కండిషన్ లేకుండా వాట్సాప్ లైన్ కలిపితే, చిన్న పోస్ట్‌లకి హోమ్ పేజీ సారాంశంలో కూడా 'వాట్సాప్‌లో పంపండి' అని వస్తుంది. 'ద టైటిల్' కూడా అంతే. టైటిల్ ముందు 'తాజా' అని తగిలించండి, పైన మెనూలో 'తాజా హోమ్', 'తాజా మమ్మల్ని సంప్రదించండి' అని వస్తాయి. మెనూ ఐటమ్స్ కూడా అదే వరుసలోంచి వెళ్తాయి మరి. అందుకే ఫంక్షన్ మొదట్లో 'ఈజ్ సింగ్యులర్', 'ఇన్ ద లూప్', 'ఈజ్ మెయిన్ క్వెరీ' అనే మూడు ప్రశ్నలు అడిగి, ఏ ఒక్కటి కాదన్నా వచ్చింది వచ్చినట్టే రిటర్న్ చేసేయడం నాకు అలవాటు. గమనించండి, కాదన్నప్పుడు కూడా రిటర్న్.

ఇప్పుడు నాకు ఇష్టమైన ఉదాహరణ. ఇది తెలుగు లాంటి భాషల సైట్లకి వచ్చే తలనొప్పి, ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో అంతగా దొరకదు. వాట్సాప్‌లో ఎవరైనా తెలుగు సైట్ లింక్ పంపితే చూశారా? పర్సంట్ గుర్తు, ఈ, సున్నా, మళ్ళీ పర్సంట్, బీ, సున్నా, మళ్ళీ పర్సంట్... ఇలా పది లైన్ల చెత్త వస్తుంది. అది చెత్త కాదు, తెలుగే. యూనికోడ్‌ని ఇంటర్నెట్‌లో పంపే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ప్రతి అక్షరానికీ 3 బైట్లు పడతాయి. లింకులో ఒక్కో బైట్‌ని పర్సంట్ గుర్తు, రెండు అక్షరాలుగా రాస్తారు. అంటే ఒక తెలుగు అక్షరానికి 9 గుర్తులు. అదీ కంప్యూటర్ లెక్కలో అక్షరం. 'గూ' మనకి ఒకటి, కంప్యూటర్‌కి రెండు: గ ఒకటి, దీర్ఘం ఒకటి.

పోస్ట్ టైటిల్ నుంచి లింక్ తయారుచేసేటప్పుడు వర్డ్‌ప్రెస్ ఆ గుర్తులన్నీ 200 దాటనివ్వదు. లెక్క వేద్దాం. మా టైటిల్ 'గూడూరు నిమ్మ మార్కెట్ ధరలు', దాని తర్వాత తేదీ. గూడూరు 6 అక్షరాలు, నిమ్మ 5, మార్కెట్ 8. మొత్తం 19, తొమ్మిదితో గుణిస్తే 171. మధ్యలో, చివరా కలిపి మూడు ఖాళీలు, 174. తర్వాత 'ధ' 183, 'ర' 192. 'ల' పెడితే 201. ఆగిపోయింది! మా లింక్ 'గూడూరు నిమ్మ మార్కెట్ ధర' దగ్గర తెగిపోయింది. 'లు' పోయింది, తేదీ పూర్తిగా పోయింది. రోజూ అదే లింక్ కాబట్టి వర్డ్‌ప్రెస్ చివర 2, 3, 4 అని నంబర్లు వేసుకుంటూ పోయింది. మార్చి 3 రేటు ఏదో లింక్ చూసి చెప్పమంటే ఎవడు చెప్తాడు?

దీనికి మందు 'శానిటైజ్ టైటిల్' అనే ఫిల్టర్. టైటిల్‌ని లింకుగా మార్చే వరుస ఇది. వర్డ్‌ప్రెస్ సొంత ఫంక్షన్ 'శానిటైజ్ టైటిల్ విత్ డ్యాషెస్' ఈ వరుసలో 10వ నంబర్‌లో నిలబడి ఉంటుంది. పర్సంట్ గుర్తుల పని, 200 దగ్గర కోసే పని చేసేది అదే. మన ఫంక్షన్ దాని తర్వాత నిలబడితే చేతికి పర్సంట్ గుర్తులే వస్తాయి, తెలుగు రాదు. ముందు నిలబడాలి. యాడ్ ఫిల్టర్‌లో మూడో స్థానంలో ఇచ్చే నంబర్ ఇందుకే. దాన్ని ప్రయారిటీ అంటారు. ఏమీ ఇవ్వకపోతే 10. తక్కువ నంబర్ ముందు, ఎక్కువ నంబర్ వెనక. ఇద్దరిదీ ఒకటే నంబరైతే ముందు పేరు రాయించుకున్నవాళ్ళు ముందు. మనం 9 ఇద్దాం.

లోపల ఏం చేయాలి? తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చాలి. గ అంటే జీ ఏ, డ అంటే డీ ఏ అని పట్టిక రాసుకుని మార్చబోతే 'గూ' దగ్గర ఇరుక్కుంటారు, మధ్యలో 'ఏ' మిగిలిపోతుంది. పీహెచ్‌పీలో 'ఇంటల్' అనే ఎక్స్‌టెన్షన్ ఉంటే 'ట్రాన్స్‌లిటరేటర్' ఫంక్షన్ ఆ పని చేసిపెడుతుంది. ముందు లాటిన్‌లోకి, తర్వాత మామూలు కీబోర్డ్ అక్షరాల్లోకి మార్చమని చెప్పాలి. అన్ని హోస్టింగుల్లో ఆ ఎక్స్‌టెన్షన్ ఉండదు కాబట్టి, ఫంక్షన్ ఉందా అని అడిగి, లేకపోతే టైటిల్ అలాగే రిటర్న్.

ఇక యాడ్ ఫిల్టర్‌లో నాలుగో స్థానం. మన ఫంక్షన్‌కి ఎన్ని విషయాలు అందాలో చెప్పే నంబర్. మామూలుగా 1, అంటే బుట్ట ఒక్కటే అందుతుంది. 'శానిటైజ్ టైటిల్' మూడు ఇస్తుంది: టైటిల్, మార్పులేవీ చేయకముందు టైటిల్, సందర్భం. మనకి మూడోది కావాలి. అందుకని నాలుగో స్థానంలో 3 అని రాయాలి. రాయకుండా ఫంక్షన్‌లో మూడు అడిగితే పీహెచ్‌పీ ఫేటల్ ఎర్రర్ ఇస్తుంది. ఇది మాత్రం వెంటనే తెలిసిపోతుంది, అదృష్టం.

సందర్భం ఎందుకంటే, ఈ వరుస కొత్త పోస్ట్ దాచేటప్పుడే నడవదు. ఎవరైనా లింక్ నొక్కినప్పుడు ఆ పోస్ట్‌ని వెతకడానికి కూడా నడుస్తుంది. మొదటి సందర్భం పేరు 'సేవ్', రెండోది 'క్వెరీ'. రెండింట్లోనూ మార్చేస్తే, పాత తెలుగు లింకుతో వచ్చినవాళ్ళకి వర్డ్‌ప్రెస్ ఇంగ్లిష్ పేరుతో వెతికే ప్రమాదం ఉంది. డేటాబేస్‌లో ఆ పేరు ఉండదు. జనం ఎప్పుడో షేర్ చేసిన లింకులు నొక్కితే పేజీ దొరకలేదని వస్తుంది. కాబట్టి సందర్భం 'సేవ్' కాకపోతే వచ్చింది వచ్చినట్టు ఇచ్చేయండి. కొత్త కేటగిరీలు, ట్యాగులు కూడా ఇదే దారిలో వెళ్తాయి. పాత సైట్ అయితే ముందు ఒక కాపీ సైట్‌లో పెట్టి చూడండి.

ఈ కోడ్ ఎక్కడ పెట్టాలి? థీమ్ ఫంక్షన్స్ ఫైల్‌లో పెడితే థీమ్ మార్చినరోజు పోతుంది. నేను సొంతంగా చిన్న ప్లగిన్ ఫైల్ చేసుకుంటా. పైన ప్లగిన్ పేరు ఒక కామెంట్‌లో రాస్తే చాలు, వర్డ్‌ప్రెస్ దాన్ని ప్లగిన్‌గా గుర్తిస్తుంది. ఫంక్షన్ పేర్లకి ముందు మీ సొంత గుర్తు పెట్టండి. మా రైల్వే స్టేషన్ కోడ్ జీడీఆర్, నా ఫంక్షన్లన్నీ దానితోనే మొదలవుతాయి. ఇంకో ప్లగిన్‌లో అదే పేరు ఉంటే సైట్ పడిపోతుంది కాబట్టి ఈ జాగ్రత్త. పేరు లేని ఫంక్షన్లు ఫిల్టర్‌లో పెట్టకండి. తర్వాత ఎవరైనా 'రిమూవ్ ఫిల్టర్'తో తీసేయాలనుకుంటే పేరు కావాలి, పెట్టినప్పుడు ఇచ్చిన ప్రయారిటీ నంబర్ కూడా అదే ఇవ్వాలి. 10కి బదులు 9 ఇచ్చి పెట్టి, తీసేటప్పుడు నంబర్ రాయకపోతే అది కదలదు. గంటసేపు జుట్టు పీక్కుంటారు. 'క్వెరీ మానిటర్' అనే ఉచిత ప్లగిన్ వేసుకుంటే ఏ వరుసలో ఎవరు ఏ నంబర్‌లో నిలబడ్డారో పేజీ కిందే చూపిస్తుంది. ఆ తెల్లవారుజామున అది నా దగ్గర ఉంటే మధ్యాహ్నం దాకా ఆగాల్సిన పని ఉండేది కాదు.

వాట్సాప్ లైన్ మళ్ళీ పెట్టా, ఈసారి రెండు రిటర్న్‌లతో. పెట్టాక వార్త ఒకటి, రేట్ల పేజీ, హోమ్ పేజీ, వెతికే పేజీ నాలుగూ తెరిచి చూశా. అన్నకి ఫోన్ చేసి చూడమన్నా. "రేట్లు ఉండాయి కదా, సాలు లే" అన్నాడు. వాట్సాప్ లైన్ వచ్చిందా అని అడిగితే, అది చూడలేదంట.

వచ్చే ఎపిసోడ్‌లో మన సొంత ప్లగిన్‌లో మనమే 'అప్లై ఫిల్టర్స్' పెట్టి, వేరేవాళ్ళు మన కోడ్‌లోకి తలుపు తట్టి వచ్చేలా చేద్దాం. ఈలోపు మీ కాపీ సైట్‌లో ఎక్సర్ప్ట్ లెంగ్త్‌తో మొదలుపెట్టండి, 22 పెట్టి ఫోన్‌లో చూడండి, ఎక్కువనిపిస్తే 18 చేయండి. ఉంటా మరి, బై.